సబ్బుపెట్టె కంప్యూటరు

మా చెల్లెలు శిరీష ఏది తెచ్చిచ్చినా నాకు ముందు ఒళ్లు మండుతుంది, సంతోషం తరువాత తీరిగ్గా వస్తుంది. కిందటి ఆదివారం కూడా అంతే అయింది. తాడేపల్లిగూడెంలో పొద్దున్నే బస్సెక్కి ఏలూరులో మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకముందే హ్యాండ్‌బ్యాగులోంచి ఒక చిన్న అట్టపెట్టె తీసి నా చేతిలో పెట్టింది. "నీకేనక్కా. ఇంక ఆ పాత లాప్‌టాప్‌తో కుస్తీ పట్టక్కర్లేదు" అంది. విప్పి చూస్తే పేకముక్కల కట్టంత ఉంది. పచ్చ బోర్డు, దానిమీద వెండి రంగు చిప్పు, పైన వేలెడంత ఫాను. నేను కాఫీ కలిపి తెచ్చేలోగా దాన్ని ముందుగది టీవీకి తగిలించి, కీబోర్డూ మౌసూ పెట్టేసింది. కాఫీ గ్లాసు దాని చేతికి ఇచ్చేసరికి తెర నిండా లినక్స్ డెస్క్‌టాప్ వచ్చి కూర్చుంది. శిరీష తెరమీద పది కిటికీలు తెరిచింది. ఒకదాంట్లో వీడియో, ఒకదాంట్లో వార్తలు, ఒకదాంట్లో తెలుగు టైపు చేసే పేజీ. ఏదీ ఆగలేదు, ఏదీ నత్తనడక నడవలేదు.

కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న నాన్న కళ్లద్దాలు సర్దుకుని, "ఇది ఆ సబ్బుపెట్టెదేనా?" అని అడిగారు. "దాని మనవరాలు నాన్నా" అంది శిరీష. ఆయన నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్లి వంకాయలు తరుగుతూ కుళ్లుకోవడం మొదలుపెట్టాను. దేనికంటే చాలావాటికి. నా పుస్తకాలు అచ్చయినా నాకొక కంప్యూటరు కొనిచ్చే మనిషి చివరికి అదే అయినందుకు. నాన్న నవ్వినందుకు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ పది కిటికీలు అంత సుఖంగా తెరుచుకున్నందుకు. మా రోజుల్లో రెండు తెరిస్తే మూడోదానికి దండం పెట్టుకోవలసి వచ్చేది. ఆ సబ్బుపెట్టె వేసవిని నేను ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. రాస్తే నా ఓర్వలేనితనం బయటపడుతుందని భయం. ఇప్పుడు జడలో తెల్లవెంట్రుక కనిపిస్తే పీకడం కూడా మానేశాను కాబట్టి, రాసేస్తున్నాను.

అప్పట్లో మేము ఆకివీడు దాటి కొల్లేటి వైపు వెళ్తే వచ్చే ఒక చేపల చెరువు గట్టుమీద ఉండేవాళ్లం. రెండు గదుల రేకుల ఇల్లు, ముందు తాటాకు పంచ, పంచ దిగితే గట్టు, గట్టు దిగితే నీళ్లు. శిరీష బళ్లో చేరకముందే మా అమ్మ పోయింది. నాన్న చెరువు చూసుకునేవారు, నాయనమ్మ ఇల్లు చూసుకునేది, నేను ఇద్దరికీ చేతిసాయం చేసేదాన్ని. నా పేరు మంగతాయారు. అది నాయనమ్మ పేరే. ఇంటికి పెద్దపిల్లని కాబట్టి ఆ పేరు నా నెత్తిన పడింది. నాలుగేళ్ల తరువాత పుట్టినదానికి ఎవరూ అడ్డం రాలేదు, అమ్మ ముచ్చటపడి శిరీష అని పెట్టుకుంది. నా కుళ్లు పేరు దగ్గరే మొదలైందని చెబితే మీరు నవ్వుతారు గాని, బళ్లో హాజరు పిలిచేటప్పుడు మంగతాయారు అని వినిపించినప్పుడల్లా నేను పడిన బాధ నాకే తెలుసు.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. తెల్లారగట్ల తవుడూ చెక్కపిండీ కలిపి తడిపిన వాసన. ఆ మేతని గోతాలకెత్తి, గోతాలకి చిల్లులు పెట్టి, పడవమీద తీసుకెళ్లి చెరువులో పాతిన కర్రలకి కట్టేవారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర మూతులు పెట్టి తినేవి. ఎండెక్కాక నీటి పాచి వాసన, సాయంత్రం నాయనమ్మ కట్టెల పొయ్యి మీద కాచే చింతపండు పులుసు వాసన. చేపలు పట్టే రోజు మాత్రం వాసనలన్నీ పోయి చల్లదనం ఒక్కటే మిగిలేది. లారీ వచ్చేది, ఐసు దిమ్మలు దించేవారు, వాటిని పగలగొట్టి ట్రేలలో చేపలమీద పోసేవారు. ఒక పొర చేప, ఒక పొర ఐసు. పంచలో రెండు మూడు థర్మాకోల్ పెట్టెలు ఎప్పుడూ ఉండేవి, అందులో ఎంతో కొంత ఐసు ఎప్పుడూ ఉండేది.

ఐసుతో పెరిగినవాళ్ల బుద్ధులు వేరు. మా ఇంట్లో చెడిపోతుందని అనుమానం వచ్చిన ప్రతిదీ ఐసు పెట్టెలోకి వెళ్లేది. పాలు, పెరుగు, మల్లెపూల దండ, చుట్టాలు తెచ్చిన పూతరేకులు, ఒకసారి నాన్న జ్వరం మాత్రలు కూడా. ఎవరికి ఒళ్లు కాలినా ఐసు గుడ్డే. "చల్లగా ఉన్నది ఏదీ చెడదే" అనేవారు నాన్న. ఆయన జీవితంలో నమ్మిన శాస్త్రం అదొక్కటే, అది ఆయనకి ఎప్పుడూ నష్టం చెయ్యలేదు. నాయనమ్మకి మాత్రం ఐసంటే పడేది కాదు. ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయని పెట్టె మూత కూడా నా చేత తీయించేది.

నేను డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో ఉన్నాను. శిరీష తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉండేది. ఆ వేసవి సెలవులకి వచ్చినప్పుడు బట్టల సంచిలోంచి ఒక గులాబీ రంగు ప్లాస్టిక్ సబ్బుపెట్టె తీసింది. మూత తీస్తే లోపల పచ్చ బోర్డు.

"ఇదేంటే?" అంది నాయనమ్మ.

"కంప్యూటరే నాయనమ్మా."

"ఏ కంప్యూటరుదే ముక్క?"

"ముక్క కాదు, మొత్తం ఇదే. స్నేహితురాలు కొత్తది కొనుక్కుని దీన్ని నాకిచ్చేసింది. మన టీవీకి పెడితే పూర్తి డెస్క్‌టాప్ వస్తుంది. ఆఫీసుల్లో ఉంటుందే, అలాంటిదే."

నాయనమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "పిట్ట కొంచెం కూత ఘనం అంటారు, చూద్దాం ఏం కూస్తుందో" అని తిరిగి ఇచ్చేసింది.

శిరీష మేకు కాల్చి సబ్బుపెట్టెకి చిల్లులు పెట్టింది. వేడి పోవడానికట. మా మేత గోతాలకి పెట్టినట్టే వరసగా పెట్టింది. ఇల్లంతా కాలిన ప్లాస్టిక్ కంపు. మా టీవీ లావుపాటి డబ్బా టీవీ. దాని వెనకాల పసుపురంగు కన్నంలో తీగ గుచ్చింది, ఫోను చార్జరు పెట్టింది, తెరమీద బారులు బారులుగా ఇంగ్లీషు అక్షరాలు పరిగెత్తాయి. కాసేపటికి కిటికీలూ, ఫోల్డర్లూ, మూలన చెత్తబుట్టతో సహా డెస్క్‌టాప్ ప్రత్యక్షమైంది. అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. తెలుగైతే మరీను, వత్తులు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. మొదట దాంట్లో అందమైన డెస్క్‌టాప్ ఒకటి ఉండేది, కిటికీలు తెరిస్తే నీడలూ, జారుడూ, సోకులన్నీ ఉండేవి. కాని ఒక బొమ్మ నొక్కితే పొయ్యి మీద ఎసరు కాగేంతసేపు పట్టేది. శిరీష ఒక పూటంతా కూర్చుని ఆ సోకులన్నీ పీకేసి తేలికపాటి డెస్క్‌టాప్ వేసింది. చూడ్డానికి పేదరాలిలా ఉంది గాని చకచకా నడిచింది. ఆ రెండో రూపం చూసి నేను మనసులో సంతోషించాను. నగలు ఒలిచేసిన కంప్యూటరు నాకు దగ్గరిదిలా అనిపించింది.

మా నాన్న సాయంత్రం చెరువు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, పంచలో మంచంమీద కూర్చుని, అన్నం పెట్టేదాకా నీళ్లవైపు చూస్తూ ఉండేవారు. నేను పక్కన కూర్చుంటే, "ఏవే?" అనేవారు. "ఏం లేదు నాన్నా" అనేదాన్ని. మా మాటలు అంతటితో సరి. ఇరవై ఏళ్లు దాటేదాకా మా నాన్న మాట్లాడని మనిషనే అనుకున్నాను. ఆ వేసవిలో తెలిసింది, ఆయన నాతో మాట్లాడరని.

ఎలాగంటే, రెండో రోజో మూడో రోజో శిరీష ఫోనులోంచి నెట్ ఇచ్చి, డెస్క్‌టాప్‌లో ఆకాశం నుంచి తీసిన మ్యాపు తెరిచింది. కొల్లేరంతా పచ్చగా, నీలంగా, గళ్లగళ్లుగా వచ్చింది. "నాన్నా, ఒకసారి రండి, మన చెరువు చూపిస్తాను" అంది. ఆయన తుండుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి నుంచున్నారు. తరువాత వంగారు. తరువాత ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని దాని పక్కన కూర్చున్నారు. ఇంట్లో ఉన్నవి రెండే కుర్చీలు. ఒకదాంట్లో అది, ఒకదాంట్లో ఆయన.

"ఇదిగో, ఈ నాలుగు పలకలది మనదే. ఇదేంటి, ఈ తెల్ల చుక్క?"

"మన ఇల్లు నాన్నా. రేకులు."

"మరి మేత పడవేదీ?"

"ఆ రోజు పడవ ఎక్కడ కట్టారో మరి."

ఆయన పగలబడి నవ్వారు. ఆ రోజునుంచీ ప్రతి సాయంత్రం అదే తంతు. చెరువులన్నీ తిరిగారు. ఎవరి గట్టు ఎంతవరకు జరిగిందో చూశారు. దెందులూరు మీదుగా హైవే పట్టుకుని, మా చేపల లారీ వెళ్లే దారెంబడి కలకత్తా దాకా మౌసుతో ప్రయాణం చేశారు. జీవితంలో విజయవాడ దాటి వెళ్లని మనిషి, "ఇక్కడ ఆపవే, ఇక్కడే డ్రైవర్లు టీ తాగుతారట" అని ఆపించి వంతెనల పేర్లు అడిగేవారు. నేను గుమ్మంలో నుంచుని కూర ఉడికిందో లేదో చూసే వంకతో గరిటె పట్టుకుని చూసేదాన్ని. నాకు మ్యాపు అక్కర్లేదు, కలకత్తా అక్కర్లేదు. నాకు ఆ కుర్చీ కావాలి. దాంట్లో నేను కూర్చోవాలి, పక్క కుర్చీ ఆయన లాక్కోవాలి. అంత చిన్న కోరికకి అంత పెద్ద మంట ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. రాత్రి అన్నాల దగ్గర దాని కంచంలో నెయ్యి ఒక చుక్క తక్కువ వేసేదాన్ని. అది గమనించేది కూడా కాదు, తినేసి లేచిపోయేది. దానికి నేను కుళ్లుకుంటున్నానన్న సంగతి కూడా తెలియకపోవడం నన్ను ఇంకా కాల్చేది.

మంచిదవడం దానికి అలవాటు. ఒకరోజు నా దగ్గరికి వచ్చి వేలిగోరంత మెమరీ కార్డు ఒకటి చూపించింది. "అక్కా, ఈ కంప్యూటరు ప్రాణమంతా కార్డులో ఉంటుంది. ఎవరి కార్డు పెడితే అది వాళ్ల కంప్యూటరు. ఇది నీకు. తెలుగు కీబోర్డు పెట్టాను, అక్షరాలు పెద్దవి చేశాను. నువ్వు కథలు రాసుకో." నేను కథలు రాస్తానని దానికి ఎలా తెలుసో తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు. దాని కార్డుకి ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టింది, నాదానికి ఏమీ పెట్టలేదు. "చుక్క లేనిది నీది" అంది. తీసుకున్నాను. కళ్లకద్దుకోవలసింది పోయి, నాకు చుక్క ఎందుకు పెట్టలేదా అని రెండు రోజులు ఆలోచించాను.

వంతులు వాటంతటవే ఏర్పడ్డాయి. సాయంత్రం దానిది. మధ్యాహ్నం, వంట అయ్యాక, గిన్నెలు కడిగాక, నాది. రోహిణి కార్తె ఎండకి మా రేకులు పెనంలా కాలేవి. నాన్న భోంచేసి, మొహంమీద తుండు కప్పుకుని ఆ గదిలోనే మంచంమీద పడుకునేవారు. ఉన్నదొకటే టేబుల్ ఫాను. దాని మెడ వదులైపోయిందో ఏమో, ఆయనవైపు పెట్టినా కాసేపటికి నావైపు తిరిగి ఉండేది. నేను లేచి మళ్లీ ఆయనవైపు తిప్పేదాన్ని. రాయడం మొదలుపెట్టిన కాసేపటికే తెరమీద కుడి మూలన జ్వరం చూసే గొట్టం బొమ్మ ఒకటి వచ్చేది. బోర్డు వేడెక్కిందని దానర్థం. ఆ బొమ్మ వచ్చిందంటే డెస్క్‌టాప్‌కి నిజంగా జ్వరం తగిలినట్టే. నేను 'కొ' కొడితే 'కొ' రావడానికి ఊపిరి రెండుసార్లు పీల్చాలి. తరువాత మౌసు ఆగిపోయేది, తరువాత మొత్తం బిగుసుకుపోయేది. తీగ పీకి, చల్లారనిచ్చి, మళ్లీ పెట్టి, మళ్లీ రెండు వాక్యాలు. సాయంత్రం కొల్లేటి మీంచి గాలి వచ్చే వేళకి అదే బోర్డు శిరీష చేతిలో బుద్ధిమంతురాలిలా కలకత్తా దాకా నడిచేది. యంత్రానికి కూడా అదంటేనే ఇష్టమని నాకు గట్టిగా నమ్మకం కుదిరింది.

ఒక మధ్యాహ్నం ఒక చేపలమ్మి కథ సగానికి వచ్చింది. మంచి పట్టులో ఉన్నాను. జ్వరం బొమ్మ వచ్చింది, తెర బిగుసుకుంది, అప్పుడే రాసిన పేరా దాంట్లోనే ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. "నా రాతే ఇంత. దానికి సాయంత్రమంతా చక్కగా ఉంటావు, నాకే వస్తుంది జ్వరం" అని సబ్బుపెట్టెతోనే పైకి అనేసి, తీగ కూడా పీకకుండా లేచి, చెరువు మీద పనివాళ్లకి టీ కాచి తీసుకుని గట్టెంబడి వెళ్లిపోయాను. నాన్న మొహంమీద తుండు అలాగే ఉంది. నాయనమ్మ పెరట్లో మినుములు చెరుగుతోంది. శిరీష ఆకివీడు వెళ్లింది, ఏదో తీగ కొనుక్కోవడానికి.

నేను తిరిగొచ్చేసరికి శిరీష గదిలో నేలమీద కూర్చుని ఉంది. దాని ముందు థర్మాకోల్ పెట్టె. పెట్టెలో ఐసు. ఐసు మధ్యలో పాలిథీన్ కవరులో సబ్బుపెట్టె. కవరుకి మూతి బిగించి, మెలితిప్పి, మడిచి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. చేపపిల్లల్ని తెచ్చేటప్పుడు ఆక్సిజన్ సంచులకి వేస్తారే, ఆ ముడి. తీగలు ఆ మూతిలోంచే బయటికి వచ్చాయి. కవరు లోపల చెమ్మ పట్టి, బోర్డుమీద మంచులా నీటిచుక్కలు. చిప్పు పక్కన నల్లటి మచ్చ. టీవీ నల్లగా ఉంది.

శిరీష తలెత్తి నావంకే చూసింది. ఆ ఒక్క చూపులో నాకు అర్థమైంది, నా కుళ్లు దానికి తెలుసని, ఎప్పట్నుంచో తెలుసని. అప్పుడు గుమ్మంలోంచి నాయనమ్మ, చేతిలో చాటతో, "దాన్నెందుకే అలా చూస్తావు? నేనే పెట్టాను. జ్వరం బొమ్మ వచ్చిందన్నారుగా, చల్లబడుతుందని పెట్టాను. ఇంకేం అడక్కు" అంది. శిరీష ఏడుపు మొదలుపెట్టింది. అంత పెద్ద పిల్ల, ఇంజనీరింగ్ చదువుతున్న పిల్ల, నాయనమ్మ ఒళ్లో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పంచలో నాన్న మొహం కడుక్కుని, చొక్కా వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా చెరువుమీదికి వెళ్లిపోయారు.

ఊరంతా నవ్వుకుంది. "ఏవండీ మంగతాయారుగారూ, మా రేడియో వేడెక్కిందండీ, కాస్త ఐసు ఉంటే పెట్టండీ" అని గట్టుమీద పోయేవాళ్లు నాయనమ్మని ఆటపట్టించారు. ఆవిడ కూడా నవ్వేసి, "మీ బుర్రలు పట్టుకురండర్రా, ముందు వాటికి పెడతాను" అనేది. కాలేజీలో చూపిస్తే బోర్డు ఇక లేవదన్నారు. కార్డులు మాత్రం బతికాయి. నాది గాజుల పెట్టెలో పడేశాను. రాయడానికి మళ్లీ కాగితాలు తీశాను.

అందరూ నవ్వి మరిచిపోయారు. నేను మరవలేదు. ఇంట్లో అందరిలోకీ నాయనమ్మ నాది అనుకునేదాన్ని. ఆవిడ పేరు మోస్తున్నాను, ఆవిడ కాళ్లు పడుతున్నాను, ఆవిడకి ఐసు పెట్టె మూత తీసిపెడుతున్నాను. అలాంటి మనిషి, వేళ్లు కొంకర్లు పోయినా ఫర్వాలేదని, శిరీష కంప్యూటరు కోసం చేతులు ఐసులో పెట్టిందా? నాకు మామూలు జ్వరం వస్తే గుడ్డ తడిపే పని నాన్నకి అప్పజెప్పే మనిషి? నాయనమ్మ పోయేదాకా ఈ మాట నా కడుపులో ఉంది. చివరి రోజుల్లో ఆవిడ మంచం పక్కన కూర్చుని మందు పోస్తున్నప్పుడు కూడా, అడుగుదామా అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. అడిగితే చిన్నతనంగా ఉంటుందనిపించింది.

ఆ చెరువు ఇప్పుడు వేరేవాళ్లు చేస్తున్నారు. నాన్న నా దగ్గరే ఉంటున్నారు, రెండు కళ్లకీ ఆపరేషన్ అయింది. శిరీష తాడేపల్లిగూడెంలో పాఠాలు చెబుతోంది. దాని క్లాసులో పిల్లలందరికీ ఇలాంటి బోర్డులు ఉంటాయట, పూర్తి డెస్క్‌టాప్‌తో, తలా ఒకటి. వాళ్లకి జ్వరం బొమ్మంటే ఏమిటో తెలియదట. వేలెడంత ఫాను తిరుగుతూనే ఉంటుంది కదా. తెలుగు ఎంత స్పష్టంగా కనిపిస్తుందో, వత్తులు ఎక్కడివక్కడ ముత్యాల్లా కూర్చుంటాయి. చూసి ఆనందించాలి, నిజమే. కాని రేకులకింద చెమటతో తడిసిన ఇరవై మూడేళ్ల పిల్ల ఒకతి నాలో ఇంకా ఉంది, దానికి ఒకటే గోల: ఇలాంటిది నాకు అప్పుడెందుకు ఇవ్వలేదు? ఆ కథలు అప్పుడే పూర్తయి ఉంటే ఏమై ఉండేదాన్నో. బహుశా ఏమీ అయి ఉండేదాన్ని కాదు. ఆ ఆదివారం పొద్దున్నే గాజుల పెట్టెలోంచి కార్డు తీసి శిరీషకిచ్చాను. "పాత కార్డు కొత్త బోర్డులో లేవదక్కా, లోపలున్నవి మాత్రం తీయొచ్చు" అని దేంట్లోనో గుచ్చి ఆ చేపలమ్మి కథ బయటికి తీసింది. చదివాను. ఏమీ బాగాలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కొత్త బోర్డు ముందు కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను. శిరీష వంటింట్లో టీ పెడుతోంది. చేతివేగంతో పాటే అక్షరాలు వస్తున్నాయి కాబట్టి ఐసు దాకా వచ్చేశాను. వెనకాల గరగరమని చప్పుడైంది. నాన్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుంటూ వస్తున్నారు. నా పక్కన వేసుకుని కూర్చున్నారు.

"ఏం రాస్తున్నావే?"

"మన సబ్బుపెట్టె సంగతి నాన్నా."

"చదువు."

చదివాను. కుర్చీ సంగతి వచ్చినచోట గొంతు తగ్గించి గబగబా దాటేశాను. నాయనమ్మ ఐసులో చేతులు పెట్టిందన్న చోట నాన్న చెయ్యెత్తారు.

"అది తప్పు. మా అమ్మ ఐసు ముట్టుకుంటుందా?"

"మరి తనే చెప్పింది కదా."

"చెప్పింది. నేను చెప్పలేకపోయానని చెప్పింది." కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నారు. "నేనే పెట్టాను. నువ్వు టీ ఇచ్చి వచ్చేసరికి చల్లబడుతుంది, మళ్లీ రాసుకుంటావు కదా అనుకున్నాను. నీళ్లు పడకుండా కవరు కట్టాను కూడాను. లోపల్నించి చెమ్మ పుడుతుందని తెలియలేదు."

ఆ రబ్బరు బ్యాండు ముడి నా కళ్లముందుకొచ్చింది. మా ఇంట్లో ఆ ముడి వెయ్యడం ఒక్కరికే వచ్చు. "శిరీష కంప్యూటరు చెడిపోతుందని పెట్టారా?" అన్నాను.

"దానికేమయిందే? సాయంత్రం దానికి బాగానే నడిచేది కదా. మధ్యాహ్నం నీకే ఆగిపోయేది. ఫాను నీవైపు తిప్పితే నువ్వు మళ్లీ నావైపు తిప్పేసేదానివి. ఇంకేం చెయ్యను?"

నాయనమ్మని తలుచుకుంటే సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎవరో వస్తున్నట్టనిపించి తలతిప్పితే, గుమ్మంలో శిరీష, రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో. ఎంతసేపట్నుంచి నుంచుందో.

"నాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?" అంది.

"నువ్వు అంతలా ఏడుస్తుంటే ఏం చెప్పమంటావు? చెబితే ఇంకా ఏడ్చేదానివి" అన్నారు ఆయన, తెరమీంచి చూపు తిప్పకుండా. "చదవవే మంగా. తరువాతేం రాశావు?"

శిరీష కదల్లేదు. గుమ్మానికి ఆనుకుని, నా కుర్చీవంకా, ఆయన కుర్చీవంకా చూసింది. ఆ చూపు నేను గుర్తుపట్టాను. ఒక వేసవంతా గరిటె పట్టుకుని గుమ్మంలో నుంచున్నదాన్ని, నేను గుర్తుపట్టకపోతే ఇంకెవరు గుర్తుపడతారు.

"టీ చల్లారిపోతుందక్కా" అంది.

పక్క గదిలో ఇంకో కుర్చీ ఉంది. తెచ్చుకుని మా దగ్గర కూర్చోవే అని చెప్పాలి. చెప్పాను, ఆ పేజీ చివరిదాకా నాన్నకి చదివి వినిపించాక.